ఒకే మలుపులో రెండు కార్లు

స్టీరింగ్ తిప్పినప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద కాలు వేసినప్పుడు కారు ఎంత త్వరగా, ఎంత నమ్మకంగా మాట వింటుందన్నదే హ్యాండ్లింగ్. ఇంజిన్ బలం వేరు, హ్యాండ్లింగ్ వేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు ప్రతి కారూ బుద్ధిగానే నడుస్తుంది. టైర్ల పట్టు చివరి అంచుకు చేరినప్పుడే దాని అసలు గుణం బయటపడుతుంది. ఆ అంచు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఏర్పాటైనదే ట్రాక్ డే. సొంత కారుతో రేస్ ట్రాక్‌కు వెళ్లి, రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, నిర్వాహకులు ఇచ్చిన సమయంలో చుట్లు కొట్టే రోజు అది. పోటీ కాదు, బహుమతులు ఉండవు. ఎదురుగా వచ్చే వాహనం ఉండదు, అడ్డం వచ్చే మనిషి ఉండడు, అదుపు తప్పితే జారి ఆగడానికి పక్కన ఖాళీ నేల ఉంటుంది. ఈ మూడూ రోడ్డు మీద దొరకవు.

తెల్లాపూర్, కొల్లూరు, నల్లగండ్ల వైపు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఇప్పుడు 200 హార్స్‌పవర్ దాటిన కార్లు కనిపించడం వింతేమీ కాదు. ఇంటి నుంచి బయటికొస్తే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. దాని మీద గరిష్ఠ వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. అయితే ఔటర్ మీద ఎంత తిరిగినా కారు హ్యాండ్లింగ్ గురించి తెలిసేది చాలా తక్కువ. అక్కడి మలుపులు 120 వేగంలోనూ చేతికి పెద్దగా తెలియనంత విశాలమైనవి. టైరు తన పట్టులో కొద్ది భాగమే అక్కడ వాడుతుంది. మిగతాది తెలుసుకోవాలంటే పరిమితి దాటాలి, దాటితే చట్టం ఊరుకోదు. ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందెం కట్టినా, వేగ పరీక్ష పెట్టుకున్నా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. అర్ధరాత్రి ఔటర్ ఖాళీగా కనిపించవచ్చు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ లారీలు తిరిగేదీ ఆ వేళలోనే. 140లో వెళ్తున్న కారు ముందు 50లో వెళ్లే లారీ ఉంటే వెనక ఎర్ర లైటు కనబడటానికీ తగలడానికీ మధ్య మిగిలేది కొద్ది సెకన్లే.

తెలుగు రాష్ట్రాల కార్ల ప్రియులకు బాగా తెలిసిన ట్రాక్ చెన్నై శివార్లలో, శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని 1990లో తెరిచింది. ఒక చుట్టు పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. అక్కడి మలుపులకు సీ1, సీ2 అని వరుస సంఖ్యలే పేర్లు. తెల్లాపూర్ నుంచి వెళ్లేవారు ఔటర్ మీదుగా విజయవాడ హైవే పట్టుకుని, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి దారిలోకి మళ్లి, ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నై చేరతారు. ఒక వైపుకే 600 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ట్రాక్ మీద తిప్పిన కారులోనే మళ్లీ ఇంటికి రావాలన్న సంగతి ఇక్కడ పోల్చబోయే రెండు కార్ల విషయంలో మొదటి నుంచీ గుర్తుంచుకోవాలి.

పోలికకు రెండు కార్లు తీసుకుందాం: ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, బీఎండబ్ల్యూ ఎం340ఐ. ధర ఒకటి కాదు, బలం ఒకటి కాదు. అయినా వీటినే ఎంచుకోవడానికి కారణం, ఇవి రెండు వేర్వేరు ఆలోచనల నుంచి పుట్టిన కార్లు కావడమే. జీటీఐ 2025లో పూర్తిగా తయారైన దిగుమతి కారుగా మన దేశానికి వచ్చింది. 2 లీటర్ల టర్బో ఇంజిన్, 265 హార్స్‌పవర్, 370 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంజిన్ బానెట్ కింద అడ్డంగా కూర్చుంటుంది, బలమంతా ముందు చక్రాలకే. బరువు 1,450 కిలోల దరిదాపు. ఎం340ఐ మన దగ్గర 2021లో విడుదలైంది. దాన్ని చెన్నై ఫ్యాక్టరీలోనే జోడిస్తారు. వరుసగా ఆరు సిలిండర్ల 3 లీటర్ల ఇంజిన్ నిలువుగా అమర్చి ఉంటుంది. 2022 చివర వచ్చిన రూపంలో 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు. బలం నాలుగు చక్రాలకూ వెళ్తుంది కానీ పెద్ద వాటా వెనక్కే. బరువు 1,740 కిలోల ప్రాంతం. అంటే జీటీఐ కంటే నలుగురు పెద్ద మనుషులంత ఎక్కువ.

నిలబెట్టినప్పుడు జీటీఐ బరువులో 60 శాతం పైచిలుకు ముందు టైర్ల మీదే ఉంటుంది. ఎం340ఐలో ఆ బరువు దాదాపు సగం సగంగా పంచి ఉంటుంది. మలుపులో ఈ రెండూ వేరుగా ప్రవర్తించడానికి మూలం ఇక్కడే ఉంది. హార్స్‌పవర్ తేడా దాని తర్వాతి మాట.

కారు ఎన్ని లక్షలదైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. బ్రేకు, స్టీరింగ్, యాక్సిలరేటర్ ద్వారా డ్రైవర్ అడిగేదంతా ఆ కాస్త రబ్బరునే. 65వ నంబరు జాతీయ రహదారి మీద సంగారెడ్డి దాటి జహీరాబాద్ వైపు వెళ్తుంటే సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. ఈ ప్రాంత ప్రజలకు టైరు అంటే ఉపాధి, రోజూ కంటికి కనిపించే సరుకు. అయినా ట్రాక్ డేకు వెళ్లేవారిలో చాలామంది డబ్బు ఖర్చు పెట్టడానికి చిట్టచివర ఆలోచించేది టైరు గురించే. ఇంజిన్ ట్యూనింగ్ కంటే, ఎగ్జాస్టు మార్పు కంటే మంచి టైరు ల్యాప్ సమయాన్ని, అంటే ఒక చుట్టుకు పట్టే సమయాన్ని, ఎక్కువగా మారుస్తుంది.

మలుపులో టైరు మీద పడే భారం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును 80 వేగంలో తిరిగితే కారును పక్కకు లాగే త్వరణం భూమ్యాకర్షణకు సమానం, అంటే ఒక జీ. మంచి రోడ్డు టైరు పొడి ట్రాక్ మీద ఇవ్వగలిగేది ఇంచుమించు అంతే. అదే మలుపులోకి 90లో వెళ్తే సుమారు 1.27 జీ కావాలి. మీటరులో పెరిగింది పది కిలోమీటర్లే, టైరు మీద భారం మాత్రం నాలుగో వంతుకు పైగా పెరిగింది. అంత పట్టు మామూలు రోడ్డు టైరు దగ్గర ఉండదు, కనుక కారు గీత తప్పి బయటికి పోతుంది. అనుభవం లేని డ్రైవర్లు ట్రాక్ మీద మట్టిలోకి దిగే సంఘటనలు ఎక్కువగా ఈ పది కిలోమీటర్ల దగ్గరే జరుగుతాయి.

బ్రేకుకూ మలుపుకూ వాడే పట్టు ఒక్కటే. అయితే ఆ పంపకం మామూలు తీసివేత లెక్కలో జరగదు. టైరు తన పట్టులో 80 శాతం బ్రేకుకు ఇచ్చినా మలుపు తిరగడానికి ఇంకా 60 శాతం దాకా మిగులుతుంది, ఎందుకంటే ఈ రెండు బలాలూ లంబ దిశల్లో పనిచేస్తాయి. అందుకే అనుభవజ్ఞులు మలుపు మొదట్లో బ్రేకును ఒక్కసారిగా వదలరు. పాదాన్ని కొద్దికొద్దిగా తేలిక చేస్తూ, అదే లయలో స్టీరింగ్ తిప్పుతూ లోపలికి తీసుకెళ్తారు. ట్రెయిల్ బ్రేకింగ్ అనే ఈ పద్ధతిలోనే రెండు కార్ల తేడా మొదట బయటపడుతుంది.

బ్రేకు గట్టిగా తొక్కితే బరువు ముందుకు వాలుతుంది. జీటీఐ చక్రాల మధ్య దూరం సుమారు 2.63 మీటర్లు. గురుత్వ కేంద్రం ఎత్తు అర మీటరు అనుకుంటే, ఒక జీ బ్రేకింగులో మొత్తం బరువులో 19 శాతం ముందుకు వెళ్తుంది. ముందే 60 దాటి ఉన్నది ఇప్పుడు 80కి చేరుతుంది. వెనక టైర్లకు మిగిలేది అయిదో వంతు. వెనక భాగం ఇంత తేలికపడిన క్షణంలో స్టీరింగ్ తిప్పితే జీటీఐ ముక్కు చురుగ్గా లోపలికి తిరుగుతుంది, వెనక భాగం కొంచెం బయటికి జరిగి ఆ తిరుగుడుకు సాయం చేస్తుంది. ముందు చక్రాలతో నడిచే కారు మొద్దుగా ఉంటుందనే అభిప్రాయం ఇక్కడ తప్పని తేలుతుంది. కానీ అదే సమయంలో డ్రైవర్ బెదిరి బ్రేకు మీద ఇంకా ఒత్తితే, లేదా యాక్సిలరేటర్ చటుక్కున వదిలేస్తే, వెనక భాగం అవసరానికి మించి జారుతుంది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లో ఉంటే ఆ జారుడును అదుపు చేస్తుంది. ఆ కంట్రోల్‌ను ఆఫ్ చేయడం మొదటిసారి వచ్చినవారి పని కాదు.

ఎం340ఐ చక్రాల మధ్య దూరం 2.85 మీటర్లు. అదే లెక్కలో 17 శాతం చిల్లర ముందుకు వాలుతుంది. వెనక టైర్ల మీద మూడో వంతు బరువు అప్పటికీ నిలిచే ఉంటుంది. నాలుగు టైర్లూ బ్రేకింగులో పాలు పంచుకుంటాయి కాబట్టి కారు నిటారుగా, నిలకడగా ఆగుతున్నట్టు అనిపిస్తుంది. మలుపులోకి తిరగడంలో జీటీఐకున్న ఆ చిన్న తొందర దీనికి లేదు. ముక్కు తిప్పగానే బరువైన శరీరం ఒక పక్కకు ఒరిగి కుదురుకోవడానికి ఒక లిప్తకాలం తీసుకుంటుంది. అది కుదురుకున్నాక మాత్రం గీత మీద గట్టిగా నిలుస్తుంది.

మలుపు మధ్యలో, బ్రేకు పూర్తిగా వదిలి యాక్సిలరేటర్ ఇంకా తొక్కని ఆ కొద్ది క్షణాల్లో, రెండింటి మధ్య తేడా తక్కువ. ఒకే తరహా టైర్లు వేస్తే రెండూ ఇంచుమించు ఒకే వేగంలో తిరుగుతాయి. 374 హార్స్‌పవర్ ఉన్నంత మాత్రాన మలుపు మధ్యలో ఒక్క కిలోమీటరు వేగం కూడా అదనంగా రాదు.

అసలు తేడా మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు. జీటీఐలో ముందు టైర్లే మలుపు తిప్పాలి, ముందు టైర్లే కారును లాగాలి. త్వరపడి యాక్సిలరేటర్ తొక్కితే రెండు పనులూ ఒకేసారి మీద పడి, కారు స్టీరింగ్ చూపిన దిశ కంటే బయటికి వెడల్పుగా పోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ మామూలుదైతే తేలికపడిన లోపలి చక్రం ఊరికే తిరిగి, ఉన్న బలమూ వృథా అవుతుంది. జీటీఐలో దీనికి విరుగుడుగా ఎలక్ట్రానిక్ నియంత్రణలో పనిచేసే డిఫరెన్షియల్ లాక్ ఉంది. క్లచ్ ప్లేట్ల సాయంతో అది టార్క్‌ను బయటి చక్రానికి మళ్లిస్తుంది. అది పనిచేస్తున్న సంగతి చేతికి స్పష్టంగా తెలుస్తుంది: స్టీరింగ్ లోపలి వైపుకు కొద్దిగా లాగినట్టు అనిపిస్తుంది, ముక్కు మలుపును పట్టుకుంటుంది. అయినా దానికీ హద్దుంది. స్టీరింగ్ కొంతైనా నిటారు అయ్యేదాకా డ్రైవర్ ఆగాల్సిందే.

ఎం340ఐలో ముందు టైర్లకు ప్రధానంగా ఒకటే పని, తిప్పడం. తోసే పని వెనక టైర్లది. అందువల్ల మలుపు లోపలి అంచును తాకగానే యాక్సిలరేటర్ మీద కాలు వేయవచ్చు. వెనక ఇరుసు మీదున్న ఎం స్పోర్ట్ డిఫరెన్షియల్ రెండు వెనక చక్రాలకూ బలం పంచుతుంది. వెనక టైర్లు జారడం మొదలైతే వ్యవస్థ కొంత బలాన్ని ముందుకు పంపుతుంది. యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ వెనక భాగం సున్నితంగా బయటికి జరుగుతూ కారు ముఖాన్ని ముందున్న స్ట్రెయిట్ (మలుపు లేని తిన్నని దారి) వైపు తిప్పడం దీని ప్రత్యేకత. ఇలా కాస్త ముందుగా అందిన వేగం స్ట్రెయిట్ పొడవునా కలిసొస్తుంది. 500 మీటర్ల స్ట్రెయిట్‌లో సగటు వేగం 140 బదులు 145 అయితే 0.4 సెకను మిగులుతుంది. పన్నెండు మలుపుల ట్రాక్‌లో అలాంటివి మూడు నాలుగు చోట్ల దొరికినా చుట్టు ముగిసేసరికి సెకనుకు పైగా తేడా వస్తుంది.

ఒక చుట్టు వరకు చూస్తే ఎం340ఐదే పైచేయి. అయితే ట్రాక్ డే ఒక చుట్టుతో అయిపోదు. ఈ పోలికలో ఎక్కువమంది వదిలేసేది వేడి లెక్క. 180 వేగం నుంచి 80కి దిగడానికి 1,740 కిలోల కారు ఒక్కో బ్రేకింగులో వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 17.5 లక్షల జౌళ్లు. అయిదు లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి అంత వేడి చాలు. అదంతా కొన్ని సెకన్లలో నాలుగు డిస్కుల్లోకి వెళ్తుంది. 1,450 కిలోల కారుకు అదే పని 14.5 లక్షల జౌళ్లలో అయిపోతుంది. పైగా బలమైన కారు అదే స్ట్రెయిట్ చివరికి ఇంకా ఎక్కువ వేగంతో చేరుతుంది కనుక దాని బ్రేకుల మీద భారం మరింత పెరుగుతుంది. కొన్ని చుట్లు గడిచాక బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగుతున్నట్టు అనిపిస్తే బ్రేక్ ఆయిల్ మరుగుతోందని, గట్టిగా తొక్కినా కారు మునుపటిలా ఆగకపోతే ప్యాడ్లు పట్టు కోల్పోతున్నాయని అర్థం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిల్‌కు ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ఏడాదికి పైగా మార్చని ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్లడం ప్రమాదకరం, కారు ఏదైనా సరే.

టైరు గాలి కూడా వేడితో మారుతుంది. పొద్దున 35 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ కొట్టిన టైరు లోపలి గాలి 75 డిగ్రీలకు చేరితే పీడనం 39 దాటుతుంది. ఉబ్బిన టైరు నేలను తాకే విస్తీర్ణం తగ్గి కారు జారడం మొదలుపెడుతుంది. మొదటి సెషన్ నుంచి రాగానే టైర్లు వేడిగా ఉండగానే గాలి చూసి, పెరిగింది తీసేయాలి. సాయంత్రం తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ కంపెనీ చెప్పిన కొలతకు నింపుకోవాలి. అరుగుదల విషయంలో రెండు కార్లూ వేర్వేరు చోట్ల డబ్బు అడుగుతాయి. జీటీఐ ముందు టైర్ల బయటి భుజాలను తినేస్తుంది. ఎం340ఐ నాలుగింటినీ పంచుకుని అరగదీస్తుంది, బ్రేక్ ప్యాడ్లను మాత్రం త్వరగా అడుగుతుంది.

వాన పడితే లెక్క మారుతుంది. తడి ట్రాక్ మీద ఎం340ఐ నాలుగు చక్రాల బలంతో మలుపు నుంచి నిశ్చింతగా బయటికి వస్తుంది, జీటీఐ ముందు చక్రాలు పట్టు కోసం వెతుక్కుంటాయి. కానీ నాలుగు చక్రాల డ్రైవ్ బ్రేకింగులో ఏ సాయమూ చేయదు. బయటికి వచ్చేటప్పుడు దొరికిన ధైర్యంతో తర్వాతి మలుపు దగ్గర ఆలస్యంగా బ్రేకు వేస్తే 290 కిలోల అదనపు బరువు తన సంగతి తాను చూపిస్తుంది.

రెండు కార్లను న్యాయంగా పోల్చడం తేలిక కాదు. న్యాయమైన పోలికకు ఎంత ఏర్పాటు కావాలో హైదరాబాద్ చూసిన ఒక రేసు చెబుతుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ వేసిన 2.83 కిలోమీటర్ల, 18 మలుపుల ట్రాక్ మీద ఫార్ములా ఈ పోటీ జరిగింది. అందులో పాల్గొన్న 22 విద్యుత్ కార్ల చాసిస్ ఒకటే, బ్యాటరీ ఒకటే, టైర్లూ ఒకటే. వెనక మోటారు, సాఫ్ట్‌వేర్, సెట్టింగుల లాంటివే వేరు. అలా చాలావరకు సమానం చేశాక విజేత జాన్ ఎరిక్ వెర్న్, రెండో స్థానంలో వచ్చిన నిక్ కాసిడీ మధ్య మిగిలింది అర సెకను లోపు తేడా. అలాంటి రేసులో గెలుపోటములను ఎక్కువగా తేల్చేది బ్యాటరీలోని శక్తిని వాడే తీరు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. అయినా చేతిలో ఉన్న శక్తిని ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసినవాడే ముందుంటాడని ఆ ఒక్క రేసే నగరం నడిబొడ్డున చూపించింది.

ట్రాక్ డేలో అలాంటి సమానత్వం ఉండదు. ఒక కారుకు కొత్త టైర్లు, మరోదానికి సగం అరిగినవి. ఒకటి పొద్దున చల్లగా ఉన్నప్పుడు తిరుగుతుంది, మరొకటి మిట్టమధ్యాహ్నం. ఒక డ్రైవర్‌కు ఆ ట్రాక్ కొట్టిన పిండి, ఇంకొకరికి అదే మొదటి రోజు. కాబట్టి ల్యాప్ సమయాల పట్టిక ఒక్కటే చూసి ఏ కారు మేలో తేల్చడం సరికాదు. నిజంగా పోల్చాలంటే ఒకే డ్రైవర్, ఒకే గంటలో, రెండు కార్లనూ మార్చి మార్చి నడపాలి. ఒక్క మెరుపు ల్యాప్ కంటే వరుసగా అయిదు చుట్ల సగటు ఎక్కువ నిజం చెబుతుంది. జీపీఎస్ రికార్డరు ఉంటే ఏ మలుపులో ఎవరు ఎంత పోగొట్టుకున్నారో విడివిడిగా తెలుస్తుంది. ఫోన్ యాప్ సరదాకు పనికొస్తుంది, పదో వంతు సెకన్లు తేల్చడానికి చాలదు.

ఇన్ని షరతుల తర్వాత కూడా ఒక తీర్పు చెప్పవచ్చు. వేగం ఎం340ఐది. అది బలమైన కారు, మలుపు నుంచి బయటపడే తీరులో జీటీఐ దాన్ని అందుకోలేదు. నేర్చుకోవడానికి మాత్రం జీటీఐ మేలు. అది తేలిక, దాని బ్రేకులు ఎక్కువ చుట్లు నిలుస్తాయి, పైగా డ్రైవర్ చేసిన పొరపాటు దాచిపెట్టదు. తొందరపడి యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు బయటికి పోయి వెంటనే చెబుతుంది, కాలు కాస్త వెనక్కి తీస్తే మళ్లీ గీత మీదికి వస్తుంది. ఎం340ఐ అదే పొరపాటును తన బలంతో, నాలుగు చక్రాల పట్టుతో కప్పిపుచ్చుతుంది. డ్రైవర్‌కు తన తప్పు తెలిసేసరికి వేగం చాలా ఎక్కువగా ఉంటుంది. మొదటిసారి ట్రాక్‌కు వెళ్లేవారు 265 హార్స్‌పవర్ తక్కువని అనుకోవాల్సిన అవసరం లేదు, సగం ఉన్నా సరిపోతుంది.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మామూలు కారు బీమా పాలసీలు రేసింగునూ వేగ పరీక్షలనూ మినహాయిస్తాయి. ట్రాక్ మీద గోడకు తగిలితే ఖర్చు యజమానిదే కావచ్చు కాబట్టి పాలసీ నిబంధనలు ముందే చదువుకోవాలి. ట్రాక్ మీదికి దిగే ముందు డిక్కీలోని స్టెప్నీ, జాకీ, నీళ్ల బాటిళ్ల లాంటి వదులు సామాన్లు తీసి పక్కన పెట్టాలి. జెండాల అర్థం తెలిసి ఉండాలి: పసుపు ముందు ప్రమాదం ఉందని, ఎరుపు సెషన్ ఆపమని, నీలం వెనక వేగంగా వస్తున్న కారుకు దారి ఇమ్మని. ప్రతి సెషన్‌లో మొదటి చుట్టు టైర్లు వేడెక్కడానికి, చివరి చుట్టు బ్రేకులు చల్లబడటానికి వదిలేయాలి. ఆగాక హ్యాండ్ బ్రేకు వేయకుండా పార్క్‌లో, మాన్యువల్ కారైతే గేరులో ఉంచడం మంచిది, లేదంటే ఎర్రగా కాలిన ప్యాడ్ల వేడి ఒకేచోట పడి డిస్కు దెబ్బతింటుంది. మధ్యాహ్నం సెషన్ ముగిసేసరికి ప్యాడ్ల మందం సగానికి పడిపోయి ఉంటే ఆ రోజుకు అక్కడితో ఆపేయాలి. తెల్లాపూర్‌కు ఇంకా 600 కిలోమీటర్ల దారి ఉంటుంది.